దొర ఇష్టం

మా జమ్మలమడుగు బాలస్వామికి సొంత నిర్ణయం అనేది లేదు. ఆరడుగుల మనిషి, గడ్డపార మీసాలు, గొంతు విప్పితే పాత బస్టాండు నుంచి కొత్త బస్టాండు దాకా వినిపిస్తుంది. అయితే ఏం తినాలి, ఏ సందులోంచి పోవాలి, ఎవరికి ఓటెయ్యాలి, ఏది అడిగినా ఒకటే జవాబు.

"నాదేముంది పాపా. దొర ఇష్టం."

దొర అంటే ఆయన గుర్రం. ముదురు గోధుమ రంగు, నుదుటి మీద తెల్లమచ్చ, కుడిచెవి కొన ఎక్కడో చీరుకుపోయి రెండైంది. మా అంగడి సరుకంతా ఇరవై మూడేళ్ళు ఆ గుర్రమే లాగింది. మాది తవుడు, వేరుశనగ చెక్క, ఉలవలు అమ్మే అంగడి. పెట్టినది మా నాన్న నాగసుబ్బయ్య. ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నేను. నాన్న పక్కన ఇంకో కుర్చీ వేసుకుని, నేను కూర్చోవడం సరిగా లేదని చెబుతుంటాడు.

ఊరంతా ఆటోలు నిండిపోయినా నాన్న గుర్రబ్బండిని మాన్పించలేదు. జంతువుల మీద ప్రేమేమీ కాదు. "ఆటోకు రోగమొస్తే ఓనరు పరిగెత్తాల. గుర్రానికి రోగమొస్తే బాలస్వామి పరిగెత్తుతాడు" అనేవాడు. అంత ముందుచూపు ఉన్న నాన్నకు కూడా దొర ఆలోచనల సంగతి ముందుగా తట్టలేదు.

"ఏమప్పా బాలస్వామీ, పది గంటలకు రమ్మంటే పన్నెండుకు వస్తావా?"

"దొర తేరు వీధి మలుపు కాడ ఆలోచన చేసినాడు సామీ."

"గుర్రానికి ఆలోచనేందప్పా?"

"నేను అడగలే సామీ. ఆలోచన చేసేటోళ్ళను కదిలియ్యకూడదు గదా."

నాన్న నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచేలోపల బాలస్వామి రెండు మూటలు బండికెత్తేసేవాడు. దొర చెవులు వెనక్కి పెట్టి నిలబడేవాడు. నేను కూడా చిన్నప్పటి నుంచి ఆ గుర్రాన్ని 'వాడు' అనే అంటున్నాను. 'అది' అనబోతే నోరు తిరగదు.

బీడీ మాన్పించింది కూడా దొరే. ఇద్దరు డాక్టర్లు చెప్పారు, ఆయన భార్య మహిమక్క ఏడ్చి చెప్పింది, వినలేదు. ఒకరోజు పొగ వదిలితే దొర తుమ్మాడట. ఆ సాయంత్రమే బీడీకట్ట తీసుకెళ్ళి పెన్నలో పారేసి వచ్చాడు. "ఆయప్పకు పడదంట" అన్నాడు. దగ్గుతో రాత్రంతా నిద్రపోనివ్వని మొగుడితో పదేళ్ళు కాపురం చేసిన మహిమక్క తనకు పడకపోవడం సంగతేమిటని అడిగితే, "నువ్వు తుమ్మలే గదా" అన్నాడు.

ఆమెను ఆయనకు కట్టబెట్టింది కూడా గుర్రమే. అప్పటికి దొర పుట్టలేదు, దొర తల్లి రాణి ఉండేది. పెద్దముడియం దగ్గర ఒక పల్లెకు తన పెళ్ళిచూపులకని పెద్దమనుషుల్ని ఎక్కించుకుని బయల్దేరాడు. చూడవలసిన పిల్ల ఇల్లు వీధి చివర. రాణి వీధి మధ్యలో ఒక ఇంటిముందు ఆగింది. ఇక కదల్లేదు. ఆ వాకిట్లో ఆరబెట్టిన ఉలవలు ఉన్నాయి, తినడం మొదలుపెట్టింది.

"పొరక ఎత్తుకోని బయటికి వచ్చినా. గుర్రాన్ని కొట్టాల్నా, తోలుకోని వచ్చినోన్ని కొట్టాల్నా అని సూస్తాండా. ఈయప్ప బండి మీద కూచోని నవ్వుతాండాడు" అని మహిమక్క ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పెద్దమనుషులు మర్యాద కోసం దిగారు, మజ్జిగ తాగారు, ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉందని తెలుసుకున్నారు. వీధి చివరి ఇంటివాళ్ళు చీకటి పడేదాకా ఎదురుచూసి వండినవన్నీ వాళ్ళే తిన్నారు. అదేమిటయ్యా అంటే బాలస్వామి, "రాణి ఇష్టం" అన్నాడట.

ఆ ఇంట్లో ఉలవలు ఉడికేది ముందు దొరకే. తెల్లవారక ముందే పొయ్యి మీద తప్పేలా ఎక్కేది. గుగ్గిళ్ళు దొరకు, ఉడికించిన నీళ్ళతో చారు మనుషులకు. "గింజ గుర్రానికి, నీళ్ళు పెండ్లానికి" అని మహిమక్క సణిగేది. సణుగుతూనే ఆ చారులో చింతపండు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి తాలింపు పెట్టేది. ఆ వాసన మా అంగడి దాకా వచ్చేది. ఇప్పటికీ ఎక్కడ ఉలవలు ఉడికినా నేను దొర మెడ గజ్జెల చప్పుడు కోసం చెవి పెడతాను. రెండేళ్ళయింది, ఇంకా పెడుతూనే ఉన్నాను.

అన్నట్టు బాలస్వామి ఎడమచేతి చిటికెన వేలికి నల్లగా గట్టిగా ఒక కాయ కాచి ఉండేది. అన్ని వేళ్ళూ వదిలి చిటికెన వేలికే ఎందుకని చిన్నప్పుడు అడిగాను.

"దొర తొడిగిన ఉంగరం పాపా" అన్నాడు. నేను నమ్మి, నాకూ ఒకటి తొడగమని దొర ముందు వేలు పెట్టుకుని నిలబడ్డాను. వాడు వాసన చూసి నా రిబ్బను తిన్నాడు.

*

దొర ఆలోచనలన్నిటిలోకీ పెద్దది గండికోట రోడ్డులో జరిగేది. ఊరు దాటేచోట గురమ్మ ఇల్లు. గురమ్మ రైతు కుటుంబంలో పుట్టి, రైతు కుటుంబంలో మెట్టిన మనిషి. భర్త పోయాడు, రెండు ఎనుములను పెట్టుకుని పాలు పోసి తన బతుకు తను బతికేది. ఒకరిని చెయ్యి చాచి అడిగిన మనిషి కాదు. పెళ్ళిళ్ళలో పప్పు కావాలన్నా అడగదు, వడ్డించేవాడే కనిపెట్టాలి. లేకుంటే ఒట్టి అన్నం తిని, వంట బాగుందని చెప్పి వస్తుంది.

ఆమె గేటు ముందుకు రాగానే దొర ఆగేవాడు. రోజూ మధ్యాహ్నం రెండున్నరకు. ఏమి చేసినా పావుగంట కదిలేవాడు కాదు.

"ఏమప్పా, నీ గుర్రానికి మా గడప తప్ప ఇంగేం దొరకలేదా?" అని గురమ్మ లోపలి నుంచి అరిచేది.

"నాదేముందమ్మా. దొర ఇష్టం."

"తోలుకోని పో!"

"పోతే పోనా అమ్మా? కదల్లేదు." కాసేపు మీసం దువ్వుకుని, ఎండలోకి చూసి, "ఊరకే యాల నిలబడేది" అని గొణుక్కుని, గేటు పక్కన బోర్లించిన బిందెలు ఎత్తుకునేవాడు. రోడ్డుకు అవతల బోరింగు ఉంది. ఆ బోరింగు కొట్టడమంటే మాటలు కాదు, పది సార్లు కొడితే ఒకసారి నీళ్ళు. గురమ్మకు మోకాలు పట్టేసి ఏళ్ళయింది. ఎనుముల తొట్టికి పన్నెండు బిందెలు పడతాయి.

గురమ్మ ఒక్కరోజు కూడా నీళ్ళు పొయ్యమని అనలేదు. బాలస్వామి ఒక్కరోజు కూడా పోస్తానని అనలేదు. గుర్రం కదలదు, మనిషికి పొద్దుపోదు, అంతే. ఆమె గడపలో కూర్చుని గుర్రాన్ని తిట్టేది. జొన్నరొట్టె ముక్క తెచ్చి పెడుతూ కూడా తిట్టేది. దొర తల ఊపుతూ తినేవాడు. మొదట్లో బిందెలు గేటు బయటే పెట్టమనేది. కొన్నాళ్ళకు తొట్టి దాకా. మరి కొన్నాళ్ళకు వంటింటి గడప దాకా. అది ఎప్పుడు మారిందని అడిగితే ఇద్దరికీ తెలియదు.

ఒకసారి వంశీ అని మా వీధి పిల్లవాడి పెళ్ళికి దొరను అలంకరించి ఊరేగింపుకు తీసుకుపోయారు. పెళ్ళికొడుకు బండిలో, ముందు బ్యాండు, వెనక రెండొందల మంది. కల్యాణమండపం గండికోట రోడ్డులోనే. దొర గురమ్మ గేటు ముందు ఆగాడు. బ్యాండువాళ్ళు ఉన్న నాలుగు పాటలూ వాయించేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. పెళ్ళికొడుకు మామ వచ్చి, "ఏందప్పా ఇది, ముహూర్తం దాటిపోతాది" అన్నాడు. చూస్తే బాలస్వామి బండి మీద లేడు. జరీ తలపాగా కట్టుకుని బోరింగు కొడుతున్నాడు.

"ముహూర్తం సంగతి దొరతో చెప్పు సామీ, నాతో కాదు" అన్నాడు.

పన్నెండు బిందెలయ్యాకే ఊరేగింపు కదిలింది. గురమ్మ పెళ్ళికొడుక్కి చెంబెడు మజ్జిగ ఇచ్చింది. వంశీకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. తన పెళ్ళిలో బాగా గుర్తున్నదేదంటే ఆ మజ్జిగే అంటాడు.

ఇక్కడొక సంగతి జరిగింది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఒక వానాకాలం బాలస్వామికి జ్వరం వచ్చింది. మా తమ్ముడు నాగచైతన్య నేను తోలుతానని పగ్గాలు పట్టుకున్నాడు. గేటు ముందు ఆగినప్పుడు తినడానికని రెండు అరటిపండ్లు కూడా పెట్టుకున్నాడు. దొర ఆగలేదు. గురమ్మ గేటు దాటి, తల తిప్పకుండా పోయాడు.

మర్నాడు గురమ్మ ఆ మోకాలితో ఊరి ఆ చివర నుంచి మా అంగడికి నడిచి వచ్చింది. "మీ గుర్రానికి పొగరెక్కింది" అని నాన్న మీద విరుచుకుపడింది. గుర్రం ఆగితే తిట్టే మనిషి, ఆగలేదని ఎందుకు తిడుతోందో నాన్నకు తోచక, కేజీ ఉలవలు కట్టిచ్చి పంపాడు. నేను బాలస్వామిని అడిగాను.

"మీ తమ్మునితో దొరకు మాటల్లేవు పాపా" అన్నాడు దుప్పటి లోపలి నుంచి.

*

రెండేళ్ళ కిందట, రోహిణి కార్తెలో, ఒక తెల్లవారుజామున దొర లేవలేదు. ఉలవలు పొయ్యి మీద ఉడుకుతున్నాయి. బాలస్వామి పాకలోకి పోయి, వచ్చి, "ఇంగా పడుకోనుండాడు" అని చెప్పి మళ్ళీ పోయాడట. మూడోసారి వచ్చి ఏమీ చెప్పకుండా పొయ్యి ఆర్పాడు.

చచ్చిన గుర్రాన్ని ఏం చెయ్యాలో మా ఊళ్ళో చాలామందికి తెలియదు, ఆ అవసరం ఎవరికి వచ్చింది గనక? మా నాన్నే పెన్న ఒడ్డు దిక్కున ఉన్న మా బీడులో పాతమన్నాడు. చిన్న ఈరన్న తన జేసీబీ తెచ్చాడు. డబ్బులు తీసుకోనన్నాడు. చిన్నప్పుడు బడికి ఆ బండి వెనక వేలాడుతూ పోయినవాడు. దొరను గజ్జెలతోనే పోనీయమని బాలస్వామి అడిగాడు. పగ్గాలు మాత్రం విప్పి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు.

గురమ్మ వచ్చింది. గుగ్గిళ్ళ గిన్నె పట్టుకుని, కుంటుకుంటూ, ఆ ఎండలో. గుంత అంచున నిలబడి ఎప్పటిలాగే తిట్టింది.

"ఎవురిని అడిగి పోయినావురా? రోజూ వచ్చి గడప కాడ నిలబడ్తివే. ఈ పొద్దు ఒకసారి నిలబడి పోగూడదా?"

నేను ఏడ్చాను. నాన్న కళ్ళజోడు తుడుచుకున్నాడు, దుమ్మన్నాడు. ఈరన్న ఇంజను ఆపి, "మట్టి తోయాల్నా అన్నా?" అని బాలస్వామిని అడిగాడు. బాలస్వామి అలవాటుగా గుంత దిక్కు చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి మహిమక్క తొయ్యమని చెయ్యి ఊపింది.

ఆ తర్వాత మూడు నెలలు ఆయన ఇల్లు కదల్లేదు.

"పాపా, అన్నం పెడితే తినాల్నా వద్దా అని పాక దిక్కు సూస్తాండాడు. చొక్కా ఇస్తే చేతిలో పట్టుకోని కూచుంటాడు" అని మహిమక్క అంగడికి వచ్చి చెప్పింది. "ఉలవలు మాత్రం రోజూ ఉడకబెట్టమంటాడు. గుగ్గిళ్ళు ఎవురు తినాల? ఇరవై మూడేండ్లు నీళ్ళు తాగినదాన్ని, ఇప్పుడు గింజ నాకే మిగిలితే గొంతు దిగడం లేదు." నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాన్న సరుకులు తోలే ఆటో కొన్నాడు. వెనక తొట్టి ఉన్నది, నీలం రంగుది. బాలస్వామికి ఎప్పుడో తీసి దాచుకున్న లైసెన్సు ఉంది. అది కూడా దొర ఒకసారి ఆర్టీవో ఆఫీసు ముందు ఆగడం వల్ల వచ్చింది. నాన్న కబురు పెట్టాడు. జవాబు లేదు. స్వయంగా పోయాడు.

"అది చెప్పినట్టు వింటాది సామీ. నాకు చెప్పడం రాదు" అన్నాడట బాలస్వామి.

నాన్న వెనక్కి వచ్చి ఖాతా పుస్తకం తిరగేశాడు. తర్వాత, "సోమవారం దాకా చూస్తా. సరుకు ఆగిపోతాంది. ఆ పైన బద్వేలు పిల్లోడెవరో అడుగుతాండాడు, వాన్ని పెడతా" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నా మొహం చూడలేదు. ఆ బండి కూడా పోతే బాలస్వామి ఇక పాక దిక్కు చూస్తూనే ఉండిపోతాడని నాకు భయం పట్టుకుంది.

గురమ్మ ఇంటికి కూడా పోయాను. బోరింగు దగ్గర మోకాలు చేత్తో పట్టుకుని ఒంటిచేత్తో కొడుతోంది. నేను బిందె అందుకోబోయాను.

"నేను నిన్ను పిలిచినానా?"

"లేదు పెద్దమ్మా, ఊరకే."

"మీ గుర్రం ఆగుతాండె, ఆ బాలసామికి పొద్దుపోక పోస్తాండె. నాకేం అక్కర? అంగడి సూసుకోపో." బిందె లాక్కుంది. లాక్కున్న ఊపుకి సగం నీళ్ళు నా చీర మీద పడ్డాయి. ఆమె గేటు మూసుకుంటుంటే తొట్టి కనబడింది. అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళున్నాయి. ఎనుములు రెండూ దాన్నే చూస్తూ నిలబడ్డాయి.

*

ఆదివారం నేనే ఆటో తీసి బాలస్వామి ఇంటిముందు ఆపాను.

"బాలస్వామన్నా, ఈ బండికి దారి తెలియదు. ఒకసారి కూచో, చూపిద్దువు."

"దారి నాకేం తెల్సు పాపా? దొరకు తెల్సు."

"ఇరవై మూడేండ్లు దొర ఎనక కూచున్నావు గదా. కొంచెమన్నా అంటుకోని ఉంటాది."

మహిమక్క వెనక నుంచి తోసింది. ఎక్కి నా పక్కన ఇరుక్కున్నాడు. ఆరడుగుల మనిషి మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. దారంతా ఆ ఆటోను విమర్శించాడు. దీనికి కళ్ళు ఉన్నాయి గాని చూపు లేదన్నాడు. తోకలేని వాటిని నమ్మకూడదన్నాడు. మలుపు తిరిగినప్పుడల్లా నాలుకతో టక్ టక్‌మని శబ్దం చేశాడు. మూడు నెలల తర్వాత ఆ శబ్దం వింటుంటే నాకు రోడ్డు సరిగా కనిపించలేదు, కళ్ళు తుడుచుకుంటూ తోలాను.

గండికోట రోడ్డెక్కాం. రెండున్నర. గురమ్మ గేటు ముందు బిందెలు బోర్లించి ఉన్నాయి. బోరింగు గట్టు మీద ఆమె మోకాలు పట్టుకుని కూర్చుని ఉంది. ఆటో గేటు దాకా వచ్చింది. అప్పుడు చూశాను. మోకాలి మీద ఉన్న బాలస్వామి ఎడమచెయ్యి కదిలింది. చిటికెన వేలు వంగింది, ఒక్కసారి వెనక్కి లాగింది. అక్కడ పగ్గం లేదు. ఆ వేలి సంగతి ఆటోకు తెలియదు కాబట్టి అది గేటు దాటి ముందుకు పోయింది.

ఊరేగింపు, మా తమ్ముడి అరటిపండ్లు, ఆ నల్లటి కాయ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"పాపా..." అన్నాడు.

"ఏమన్నా?"

ఆయన వెనక్కి చూశాడు. ముందుకు చూశాడు. బండికి ముందు తోక ఊపుతూ ఎవరూ లేరు. 'ఆపు' అనే ఒక్క మాట ఆయన నోటికి రావడం లేదు. జన్మలో ఎప్పుడూ అని ఉంటే కదా! మీసాలు అదిరాయి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను చేతిని స్టీరింగు కిందికి పోనిచ్చి తాళం తిప్పేశాను. ఆటో నాలుగడుగులు పోయి ఆగింది.

"అయ్యో! ఆగిపోయిందన్నా."

"ఆగిపోయిందా?"

"ఎంత తిప్పినా కదల్లేదు. మొండిది. పావుగంట చూడాల్సిందే."

బాలస్వామి తాళం వైపు చూశాడు. నా మొహం చూశాడు. నేను రోడ్డు మీదికి చూస్తున్నాను. మూడు నెలల్లో మొదటిసారి ఆ మీసాల కింద ఏదో కదిలింది.

"దీనికి గూడా సొంత బుద్ధి ఉండాది అయితే" అన్నాడు మెల్లగా. దిగాడు. ఎండలోకి చూశాడు. గొంతు సవరించుకుని, గురమ్మకు వినబడేటట్టు, "ఊరకే యాల నిలబడేది" అన్నాడు. బిందెలు రెండు ఎత్తుకున్నాడు.

గురమ్మ గట్టు మీద నుంచి లేచింది. మొహం అటు తిప్పుకుని కాసేపు నిలబడింది. తర్వాత గొంతు పూర్తిగా తెరిచింది. "ఏందప్పా! నీ గుర్రానికే అనుకుంటి. ఈ డబ్బాకు గూడా మా గడపే దొరికిందా?"

సోమవారం పొద్దున ఎనిమిదికే బాలస్వామి అంగడి ముందున్నాడు. ఏం నిర్ణయించుకున్నావని నాన్న అడిగితే, "నాదేముంది సామీ, ఆటో ఇష్టం" అన్నాడు. నాన్న తాళం చేతిలో పెట్టి, బద్వేలు పిల్లవాడికి ఫోను చేసి, రావద్దని చెప్పి, గొంతు బాగాలేదని పెట్టేశాడు.

అప్పటి నుంచి ఆ ఆటో రోజూ రెండున్నరకు గురమ్మ గేటు ముందు చెడిపోతుంది. పావుగంట తర్వాత బాగవుతుంది. "కొత్త బండి! నెల కాలేదు!" అని నాన్న మూడుసార్లు మెకానిక్కు హెన్రీ షెడ్డుకు తోలించాడు. హెన్రీ రెండుసార్లు ఇంజను విప్పి బిగించాడు. మూడోసారి మాత్రం చేతులు తుడుచుకుని, "సామీ, బండికి రోగం లేదు. రోడ్డును మార్చి చూడండి" అన్నాడు. బాలస్వామి సాయంత్రం ఆటోను పాకలో పెట్టి, ముందు అద్దం మీద రెండుసార్లు తట్టి, లోపలికి పోతాడు. ఒకరోజు దాని ముందు గడ్డిపరకలు చూశానని మా తమ్ముడు అంటాడు. నేను నమ్మలేదు గాని, కాదని కూడా అనలేదు.

మహిమక్కకు వేలి సంగతి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకు ఎప్పుడో తెల్సు పాపా. మా ఇంటి ముందు రాణి ఆగిన పొద్దే సూసినా. అంతకు ముందువారం సంతలో నన్ను సూసి, మా ఇంటి దాకా ఎనకాల్నే వచ్చినాడు. పెద్దమనుషులు తీసకపోయింది ఇంగో పిల్ల కాడికి. నోరు తెరిచి చెప్పలేక పగ్గం లాగినాడు." ఉలవచారు గిన్నె నా చేతిలో పెట్టింది. "నేనేం అనలే. రాణి ఇష్టమే అనుకోనీలే అనుకున్నా."

ఇంత తెలిశాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. మొన్న తవుడు మూటలు వెయ్యడానికి బాలస్వామితో కలిసి గండికోట రోడ్డుకు పోయాను. ఆటో 'చెడిపోయింది'. బిందెలయ్యాయి. ఆయన వచ్చి కూర్చున్నాక అడిగేశాను.

"అన్నా, నిజం చెప్పు. అన్నేండ్లు ఈడ ఆగింది దొరనా, నువ్వా?"

చాలాసేపు చిటికెన వేలి కాయను బొటనవేలితో రుద్దుకున్నాడు. అది మెత్తబడిపోయింది, అరిగిపోతోంది.

"మొదట్లో నేనే పాపా. ఒక నెల లాగినా. ఆ మీద ఒక పొద్దు నేను ఏదో ధ్యాసలో ఉండి మర్సిపోయినా. వాడు ఆగినాడు. నేను లాగలే, వాడే ఆగినాడు. తల తిప్పి నన్ను సూసినాడు, దిగవా అన్నట్టు." బోరింగు దిక్కు చూశాడు. "ఆ పొద్దు నుంచి నేను లాగినది ఊరకే, అలవాటుకు. దొర లేంది నాకు ఏం బాగలేదు పాపా. శానా కష్టంగా ఉండాది."

ఆయన ఇంత మాట సొంతంగా చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. అయినా వ్యాపారస్థుల బిడ్డను, అనుమానం పోదు కదా.

"మరి మా తమ్ముడు తోలిన పొద్దు ఎందుకు ఆగలేదు?"

బాలస్వామి నన్ను జాలిగా చూశాడు.

"నేను బండి మీద లేను గదా పాపా. నీళ్ళు పోసేటోడు లేంది, వాడు ఆగి ఏం చేస్తాడు?"

ఆ మాట చెప్పి తాళం తిప్పాడు. ఆటో గురగురమని ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. ఊరుకుంది. రెండు చేతులూ పైకెత్తి నాకు చూపించాడు.

"ఈ తూరి నేను కాదు పాపా. నిజంగా కాదు!"

"ఇంగో బిందె ఉండాది ఈడ!" అని గురమ్మ గేటులోంచి కేకేసింది. "అది గూడా పోసి పో. అప్పుడు కదుల్తాదేమో సూడు."

బాలస్వామి దిగిపోయి, బోరింగు కొట్టి, బిందె నింపి, వంటింటి గడప దాకా మోసి, తిరిగొచ్చి తాళం తిప్పాడు. ఆటో ఒక్క తిప్పుకే అందుకుంది.